చెవికందని యింగ్లీషు

పరభాషలోని పుస్తకమును చదువుట వేఱు. పరభాషలో చెప్పిన పాఠమును విని గ్రహించుట వేఱు. ఈ భేదము మనలో పలువురకు తోఁపదు. కుమారుఁడు పదునాఱేండ్లు ఇంగ్లీషులోనే చదివెను గదా, అమెరికాలో పాఠము తెలియకుండుట యెట్లని తల్లిదండ్రులు తలంతురు. 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశమునందలి విదేశవిద్యార్థులలో మనదేశమువారే అగ్రస్థానమున నుండిరి. వారి సంఖ్య 3,31,602. అందు తెలుగువారును పెక్కండ్రు కలరు. అప్పుచేసి పోయినవారును తక్కువ కాదు. ఒక్కొక్క పాఠమునకు తామెంత మూల్యము చెల్లించుచున్నారో వారికి తెలియును. అందెంత బోధపడెనో మాత్రము పైకి చెప్పరు.

నాయొద్ద బడిలో చదివి, ఇప్పుడచ్చట యంత్రశాస్త్రము నభ్యసించుచున్న యువకుఁ డొకఁడు వేసవిలో ఇంటికి వచ్చి నాతో నిట్లనెను: "మాస్టారూ, పుస్తకం చేతికిస్తే చదివేస్తాను. ఆయన మాట్లాడుతుంటే మాత్రం ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలియదండీ."

ఇది సంస్కృతము చదివినవారికి సులభముగా తెలియు చిక్కు. ఋగ్వేదమునకు సంహితాపాఠమనియు పదపాఠమనియు కలవు. సంహితలో పదములు సంధులచే కలిసి ప్రవాహమువలె సాగును. శాకల్యుఁడు వానిని విడఁదీసి పదపాఠమును కూర్చెను. మన బడులలో నేర్పు ఇంగ్లీషు పదపాఠము. విశ్వవిద్యాలయమున ఆచార్యుఁడు పలుకునది సంహిత. 'డిడ్' 'యూ' అని మనము విడివిడిగా నేర్పిన పదములు అతని నోట 'డిజూ' యగును. 'గోయింగ్ టు' అనునది 'గనా' యగును. మన సంధులకు సూత్రములున్నవి, పిల్లవాఁడు వానిని వల్లించును. ఇంగ్లీషు సంధులను వానికి చెప్పినవారు లేరు. కావున చెవికందనప్పుడు దోషము తన బుద్ధిదే యని కుమిలిపోవును.

తెలుగున మనము అక్షరములన్నిటిని ఇంచుమించుగా సమముగా పలుకుదుము. ఇంగ్లీషున ఊనిక గల యక్షరము నిలుచును, తక్కినవి నలిఁగిపోవును. అమెరికావారు వాక్యమధ్యమున 'క్యాన్' అనునపుడు తఱచుగా అచ్చు అణఁగి 'క్న్' మాత్రమే మిగులును. 'క్యాంట్' అనునపుడు అచ్చు నిండుగా నిలిచి, తుదనున్న టకారము పలుమాఱులు వినఁబడదు. ఆ నిండైన యచ్చును విని మనవాఁడు 'వచ్చును' అని వ్రాసికొనును. ఈ సూత్రము నిచ్చట వాడరాదని గురువు చెప్పఁగా, వాడవచ్చునని శిష్యుని పుస్తకమున నుండును! వాఁడు శ్రద్ధతో వినియే తప్పు వ్రాసికొనినాఁడు.

పదములన్నియు వినఁబడినను తీఱని చిక్కు మఱియొకటి కలదు. 'ఈ భాగమును మరల చూచిన బాగుండునేమో' యని ఆచార్యుఁడు మృదువుగా వ్రాసినచో, పెక్కు సందర్భములలో అది యాజ్ఞయే. 'మార్చి తీసికొనిరా' యను గురువులయొద్ద పెరిగినవాఁడు దానిని తన యిష్టమునకు విడిచిన మాటగా గ్రహించి మార్కులు పోఁగొట్టుకొనును. సుమారు లెక్క యనుటకు అచ్చటివారు 'బాల్‌పార్క్' అందురు. అది బేస్‌బాల్ ఆడు మైదానము పేరు. ఆ యాట నెఱుఁగనివాఁడు మైదానమును గూర్చి యాలోచించులోపల రెండు వాక్యములు దాఁటిపోవును.

ప్రవేశపరీక్షలో నెగ్గెను గదా యందురు. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. శ్రవణపరీక్ష సుమారు 30 నిమిషములు, 40 ప్రశ్నలు. గంటకుపైగా సాగు పాఠమును వ్రాసికొనుచు, బల్లను చూచుచు, సహాధ్యాయుల ప్రశ్నలను గూడ పట్టుకొనుట అంతకంటె మిక్కిలి కష్టము.

ఇన్నిటికిని మించిన కీడు మౌనము. అర్థమైనదా యని యడిగిన మనవారు తల యూఁతురు. ప్రశ్నించుట అవిధేయత యని మన తరగతులలో నేర్చిన పాఠమును సముద్రము దాఁటినను మఱవరు. ఈ మౌనమును పోఁగొట్టుట ఉపాధ్యాయులమైన మన పని. ఇచ్చట పదేండ్లు నోరు మూయించి, అచ్చట తెఱవలేదని వారిని నిందించుట న్యాయము కాదు.

మన పూర్వులు పదపాఠముతో నాఁగలేదు. రెండేసి పదములను జోడించి చెప్పు క్రమపాఠమును గూడ నేర్పాటు చేసిరి. నేను తొమ్మిదవ తరగతిలో దినమునకు పది నిమిషములు ఇంగ్లీషును ఈ విధముననే చెప్పించుచున్నాను: మొదట విడిగా, పిదప జంటగా, తుదకు వాక్యముగా. పిల్లలు మొదట నవ్వుదురు. పిమ్మట చెవి నిలుపుదురు. విశ్వవిద్యాలయములవారును క్రొత్త పదమును బల్లపై వ్రాయవలెను. పాఠమును యంత్రమున పట్టియుంచి, పలికిన మాటలను తెరపై నక్షరములుగా చూపు సౌకర్యమును ఎల్లరకు కల్పింపవలెను. అట్టి సౌకర్యమున్నచోట మా శిష్యుఁడు రాత్రులందు ఒకే పాఠమును రెండు మాఱులు వినుచున్నాఁడు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ దూరదేశమునుండి మాటాడునపుడు మార్కులెన్ని యని యడుగుటకు ముందు, పాఠము చెవికందుచున్నదా యని యడుగుఁడు. అందలేదని చెప్పుటకు వానికి మీయొద్దనైనను సిగ్గు లేకుండవలెను.