మా 'హౌ', మీ 'ఔ'

తెలుగునాట పుట్టిన ముస్లింకి తరచూ ఎదురయ్యే మెచ్చుకోలు ఒకటుంది: "మీ తెలుగు చాలా బాగుందండీ, ఎక్కడ నేర్చుకున్నారు?" అడిగేవాళ్ల మనసులో ద్వేషం ఉండదు. అందుకే ఇంకా బాధ. ఎక్కడ నేర్చుకుంటాం? బడిలో, బజార్లో, బావి దగ్గర. మీరు నేర్చుకున్న చోటే.

2003లో నల్లగొండ జిల్లా నుంచి విజయవాడకు పోయి ఒక పత్రిక డెస్కులో చేరాను. అక్కడ నాకు రెండు గుర్తింపులు దొరికాయి. ఒకటి 'సాయిబు', రెండోది 'తెలంగాణాయన'. నేను 'షురూ' అని రాస్తే 'ప్రారంభం' అని దిద్దేవారు. 'జర' కొట్టేసి 'కొంచెం' పెట్టేవారు. అదే పేజీలో రైతు, జిల్లా, ఖరీదు, దస్తావేజు, జవాబు, వకీలు నిక్షేపంగా ఉండేవి. అవీ అరబ్బీ, పార్శీల నుంచి వచ్చినవే. కృష్ణా గుంటూరుల్లో వాడితే తెలుగైన మాట, నల్లగొండలో వాడితే తురక మాట ఎట్లా అవుతుంది? స్వచ్ఛమైన తెలుగు కావాలనేవాళ్లకు ఒక సంగతి. తొలి అచ్చతెలుగు కావ్యంగా చెప్పే 'యయాతి చరిత్రము'ను పొన్నికంటి తెలగన అంకితమిచ్చింది కుతుబ్‌షాహీల కాలపు అమీన్‌ఖాన్‌కు. పటాన్‌చెరువు పాలకుడు, ముస్లిం.

2009లో ఉద్యోగం నన్ను ఢిల్లీకి పంపింది. అక్కడ నా తెలుగు ఎవరికీ పట్టలేదు. నా ఉర్దూయే దొరికిపోయింది. పేరు చూసి కొన్ని బస్తీల్లో ఇల్లు ఖాళీ లేదన్నారు. ఆ పేరుకు అభ్యంతరం లేని బస్తీలో నా మాట విని "మద్రాసీవా?" అన్నారు. ఉర్దూ బాగా చదువుకున్న ఒక పెద్దాయన నేను 'హౌ' అన్నప్పుడల్లా మహమూద్‌ను గుర్తు చేసేవాడు. 1965లో వచ్చిన 'గుమ్‌నామ్' సినిమాలో మహమూద్ హైదరాబాదీ యాసలో దేశాన్నంతా నవ్వించాడు. నటుడు గొప్పవాడే. కాని మా అమ్మీ కూరగాయల బేరంలో, కష్టసుఖాల్లో, దువాలో వాడే భాష ఉత్తరాదికి హాస్యంగానే చేరింది. తెలుగు సినిమా సాయిబు 'నమ్కీ నిమ్కీ' అని నవ్విస్తాడు. హిందీ సినిమా సాయిబు 'నక్కో' అని నవ్విస్తాడు. తెలుగువాళ్లకు నేను ఉర్దూవాణ్ని, ఉర్దూవాళ్లకు తెలుగువాణ్ని. మరి నేను ఎవరివాణ్ని?

జవాబు మా యాసలోనే ఉంది. మా 'నక్కో' మరాఠీ 'నకో' నుంచి వచ్చింది. 'లోగ్'ను మేం 'లోగాఁ' అంటాం, 'బాత్'ను 'బాతాఁ' అంటాం. 'వస్తానని చెప్పిండు' అనడానికి 'ఆతూఁ బోల్‌కే బోల్యా' అంటాం. తెలుగులో 'అని' ఎక్కడ కూర్చుంటుందో మా 'బోల్‌కే' సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ఢిల్లీ ఉర్దూలో 'చెప్పాడు' ముందు వస్తుంది, చెప్పిన మాట తర్వాత వస్తుంది. మాటలు ఉర్దూవి, వాటిని కూర్చిన తీరు తెలుగుది. మా 'హౌ'కీ మీ 'ఔ'కీ ఎంత దూరం? పక్కపక్క ఇళ్లల్లో వందల ఏళ్లు బతికితే తప్ప ఇట్లాంటి భాష పుట్టదు. మమ్మల్ని బయటినుంచి వచ్చినోళ్లనేవాళ్లు ఒక్కసారి మా వాక్యాన్ని విప్పి చూడాలి.

ఉత్తరాది ఉర్దూ పెద్దలూ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కులీ కుతుబ్‌షా ఇక్కడ దీవాన్ రాసినప్పుడు ఢిల్లీ కవుల గౌరవమంతా పార్శీకే. దక్కన్ కవి వలీ 1700లో ఢిల్లీ పోయాడు. తర్వాత ఆయన దీవాన్ అక్కడికి చేరాకే ఢిల్లీ కవులు ఈ భాషలోనూ కవిత్వం చెప్పొచ్చని నమ్మారు. ఆ వలీ సమాధిని 2002లో అహ్మదాబాదులో నేలమట్టం చేసి, పైన తారురోడ్డు వేశారు.

మా లోపలి సంగతీ చెప్పుకోవాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లను "వీళ్లేం ముసల్మాన్లు?" అని చిన్నచూపు చూసే సాయిబులు మనలో తక్కువేం లేరు. ఢిల్లీ మనకు చేసేదాన్ని మనం వాళ్లకు చేస్తున్నాం. నాలుకను బట్టి ఈమాన్ కొలిచే హక్కు ఎవరికీ లేదు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు అందరిలాగే మేమూ పాత ట్రంకు పెట్టె తీశాం. తాత పేరు ఒక కాగితంలో ఒక తీరు, ఇంకో కాగితంలో ఇంకో తీరు. ఆయన మాట మాత్రం మా అందరి నోళ్లలో ఒక్క తీరుగానే ఉంది.

మా అమ్మాయి ఢిల్లీలో పుట్టింది. బడిలో నవ్వుతున్నారని ఇంట్లో కూడా 'నక్కో' మానేసింది. ఊరినుంచి దాదీ ఫోన్లో "ఖా లియే క్యా మా?" అంటే "జీ హాఁ" అని ముద్దుగా, మర్యాదగా చెబుతుంది. ఒకరోజు అమ్మీ నన్నడిగింది, "బిడ్డ నాతోని పరాయోళ్ల లెక్క మాట్లాడుతుందేందిరా?" అని.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక ఏర్పాటు. బయట ఢిల్లీ ఉర్దూ, ఇంగ్లీషు, ఏదైనా మాట్లాడనీ, బతుకుతెరువుకు అవి కావాలి. గడప లోపల దక్కనీ, తెలుగు. ఎండాకాలం సెలవులకు తప్పకుండా నల్లగొండ. పోయిన సెలవుల్లో పక్కింటి పిల్లలతో వాకిట్లో ఆడుతూ అది "హౌ రా, నేను గూడ వస్త" అని అరిచింది. ఒక్క వాక్యంలో రెండు భాషలు. అమ్మీ నా వైపు చూసింది. ఇద్దరం దిద్దలేదు.