ఉల్లికోడును పెంచే మడి

సుబేదారిలో ఆటో ఎక్కి, హన్మకొండ చౌరస్తా మీదుగా ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లాం. తోడు మా మేనమామ. పరకాల దగ్గర వరి వేస్తాడు. మందు ఖర్చు తగ్గించే విత్తనం ఉందా లేదా తేల్చుకోవాలని వచ్చాడు.

మొదటి మడి చూడగానే మొహం చిట్లించాడు. దుబ్బుదుబ్బుకీ ఉల్లాకుల్లాంటి తెల్లటి గొట్టాలు. “ఇంత ఉల్లికోడు పెట్టుకొని వీళ్లు మనకేం చెప్తరు?” అని నా చెవిలో గొణిగాడు. కావాలనే పెట్టుకున్నారు! నాట్లు ఆలస్యంగా వేస్తారు. నడుమ నడుమ పురుగుకు ఇట్టే లొంగే తైచుంగ్ నేటివ్-1 సాళ్లు వేస్తారు. మందు చల్లరు. పిల్లపురుగు మొవ్వులోకి దూరితే ఆ పిలక గొట్టమైపోతుంది, కంకి వేయదు. అంత ఒత్తిడిలోనూ పచ్చగా నిలిచిన వరసే వీళ్లకు కావాలి.

ఈ పురుగుతో వరంగల్‌ది పాత పోరు. ఈశ్వరకోర, ఎంటీయూ 15 రకాలను కలిపి ఇక్కడ తీసిన డబ్ల్యూ 1263లో ఈ పురుగును తట్టుకునే జీఎం1 జన్యువు ఉందని వరి శాస్త్రవేత్తలకు తెలుసు. తర్వాత ‘4ఎం’ అనే కొత్త తెగ పురుగు బయటపడింది, అదీ వరంగల్‌లోనే. దాని ముందు డబ్ల్యూ 1263 కూడా నిలవలేదు. ఇప్పుడు అగన్ని అనే రకంలోని జీఎం8 మీద ఆశలు పెట్టుకున్నారు.

మామకు ఇంకో బాధ కూడా ఉంది, ఎండాకు తెగులు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరిని మించిన బియ్యం లేదంటాడు. ఆ తెగులుకు అది నిలవదని తిట్టేదీ ఆయనే. దాన్ని హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం కలిసి సరిదిద్దాయి. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరిలో ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు జన్యువులున్నాయి. ఎక్స్ఏ21 ఆఫ్రికా అడవి వరిది.

జన్యువు ఉనికిని పట్టిచ్చే డీఎన్ఏ మార్కర్లు లేకపోతే మూడు జన్యువుల్నీ చేర్చే ఈ పని ఎందుకు కుదరదో వరంగల్ స్థానంలోని పరిశోధకురాలు చెప్పిన తీరు నాకు నచ్చింది. ఎక్స్ఏ21 ఒక్కటున్నా మొక్క తెగులును చాలావరకు ఆపేస్తుంది. మిగతా రెండూ చేరాయో లేదో కంటికి తెలియదు. పైగా ఆ రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పనిచేస్తాయి. ఒక్క వైపు నుంచే వస్తే మొక్క తెగులుకు లొంగినట్టే కనిపిస్తుంది, పాత పద్ధతిలో అయితే దాన్ని పీకి పారేసేవాళ్లు. ఇప్పుడు లేత నారు నుంచి చిన్న ఆకుముక్క తీసి, డీఎన్ఏ వేరుచేసి, పీసీఆర్ యంత్రంలో పెడతారు. జెల్ మీద పడిన గీతల్ని చూసి ఏ మొక్కలో ఏ జన్యువుందో చెప్పేస్తారు. అలా ఏరిన మొక్కల్ని నాలుగు తరాలు మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. గింజ మారకూడదు కదా!

“జన్యుమార్పిడి విత్తనమా మేడం?” మామ అనుమానం. కాదట. వరిని వరితోనే కలిపారు, పరీక్ష మాత్రమే డీఎన్ఏతో.

“మరి ఉల్లికోడుకు ఆగుతదా?”

“ఆగదు. అది వేరే జన్యువు.”

ఈ మాట అంత సూటిగా చెప్పడం నాకు నచ్చింది. విత్తనాల దుకాణంలో అయితే అన్నిటికీ ఆగుతుందనే చెప్పేవారు. రెండూ ఉన్న సాంబ ఎప్పుడొస్తుందని మామ గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె తారీఖు చెప్పలేదు. మెరుగైన సాంబ మసూరి అసలు విత్తనానికి హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ వెళ్లమన్నారు. ఎండాకు తెగులు ఎప్పుడూ పడే చెరువు కింది ఎకరంలో వచ్చే వానాకాలం అదే వేస్తానని, ఉల్లికోడు పడే మిగతా పొలంలో ఏం వేయాలో మళ్లీ వచ్చి అడుగుతానని మామ ఆమెతో చెప్పాడు.