బూస్టరు పెంచేది ఉన్నదాన్నే

కొండ సిగ్నల్‌కు అడ్డం. ఈ మాట మాకు పుస్తకం కన్నా ముందు టీవీ చెప్పింది.

సీతంపేట ఏజెన్సీలో మా సవర గూడేలు చాలావరకు కొండల మధ్య పల్లాల్లో ఉంటాయి. వాన నీళ్లన్నీ మా దగ్గరికే వస్తాయి. టీవీ తరంగాలు మాత్రం మా నెత్తి మీదుగా పోతాయి. దూరదర్శన్ 1959లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాదు కేంద్రం 1977లో వచ్చింది. 1984లో అయితే కొన్ని నెలలపాటు దేశంలో రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టారు. మైదానంలో ఊరూరా బొమ్మ వచ్చింది. మా గూడేనికి కరెంటు తీగ, ఆ తర్వాత ఊరందరికీ కలిపి ఒక టీవీ రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. తీరా పెట్టాక తెర నిండా చుక్కలే. మాట కన్నా హోరు ఎక్కువ.

టీవీ పాడైందని పెద్దలు అనుకున్నారు. సంతకు మోసుకెళ్లి చూపిస్తే అక్కడ అద్దంలా కనబడింది. టీవీ బాగానే ఉంది, అది ఉన్న చోటు బాగోలేదు. అక్కడి నుంచి మా కుర్రాళ్ల పని మొదలైంది.

టీవీ తరంగం దాదాపు చూపు లాంటిది. ట్రాన్స్‌మిటర్ టవరుకు మనం కనబడితే మనకు బొమ్మ వస్తుంది. మధ్యలో కొండ ఉంటే, దాని అంచు మీదుగా కాస్త వంగి దిగిందే మన వంతు. అందుకే ముందు వెదురు గడలు రెండు కలిపి కట్టి ఏంటెన్నాను ఇంటి కప్పు కన్నా పైకి లేపాం. కొంత మారింది. తర్వాత దాన్ని తిప్పడం నేర్చుకున్నాం. చేప ముల్లులా ఉండే ఆ ఏంటెన్నాలో వెనక ఉన్న పొడవు గొట్టం అద్దంలాగా సిగ్నల్‌ను ముందుకు తోస్తుంది. ముందున్న పొట్టి గొట్టాలు దాన్ని పోగు చేసి, తీగ బిగించిన గొట్టం వైపు నడిపిస్తాయి. కాబట్టి పొట్టి గొట్టాల వైపు టవరుకు ఎదురుగా ఉండాలి. జపాన్‌కు చెందిన ఉడా, యాగీ అనే ఇద్దరు 1920లలో దీన్ని కనిపెట్టారని తర్వాత చదువుకున్నాం.

కొన్నిసార్లు ఒకే మనిషి తెర మీద ఇద్దరుగా కనబడేవాడు. ముసలివాళ్లు అది దెయ్యం అన్నారు. ఇంగ్లీషులోనూ దానికి దెయ్యం అనే పేరే ఉంది. ఒక తరంగం నేరుగా వస్తుంది. ఇంకొకటి ఎదుటి కొండకు తగిలి తిరిగి, ఆలస్యంగా వస్తుంది. అది 300 మీటర్లు ఎక్కువ తిరిగి వస్తే 20 అంగుళాల తెర మీద రెండో బొమ్మ సెంటీమీటరుకు కాస్త తక్కువ పక్కకు పడుతుంది. ఏంటెన్నాను కొద్దిగా తిప్పి ఆ కొండకు పక్క చూపిస్తే దెయ్యం పోతుంది.

బూస్టరు సంగతి అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. చీపుర్లు అమ్మిన డబ్బు తలా కొంత వేసుకుని కొన్నాం. టీవీ పక్కనే పెడితే బొమ్మ పెరగలేదు, చుక్కలు పెరిగాయి. సంతలో రేడియోలు బాగుచేసే అన్నయ్య నవ్వి, "బూస్టరు ఉన్నదాన్నే పెంచుతుంది తమ్ముడూ. మంచిది అందితే మంచిది, చెత్త అందితే చెత్త" అన్నాడు. ఏంటెన్నా నుంచి దిగే తీగ కొంత సిగ్నల్‌ను తినేస్తుంది. వంద మీటర్ల తీగలో సగానికి పైగా పోతుంది. పోయాక పెంచి లాభం లేదు. అందుకే బూస్టరు గడ మీద, ఏంటెన్నా దగ్గరే ఉండాలి. దానికి కావలసిన కరెంటు అదే తీగలోంచి పైకి వెళ్తుంది. అతుకులకు వాన తగలకుండా టేపు చుట్టాలి. ఉరుములప్పుడు తీగ ఊడదీయాలి. ఇవన్నీ చేసి, చివరికి ఏంటెన్నాను గూడెం వెనక మెట్ట మీదికి చేర్చాం.

మెట్ట మీద ఒకడు గొట్టం తిప్పేవాడు, దారి మధ్యలో ఒకడు, టీవీ ముందు ఒకడు. "ఇంకొంచెం", "ఆగు", "వచ్చింది" అన్న కేకలు గొంతు నుంచి గొంతుకు పైకి పోయేవి. ఆ కేకలన్నీ సవరలోనే. బొమ్మ తెచ్చింది మా భాష. ఆ బొమ్మలో మాత్రం మా భాష ఒక్క ముక్క లేదు. వ్యవసాయం చెప్పినా, వార్తలు చెప్పినా, మేం పక్కన కూర్చుని అవ్వలకు, తాతలకు సవరలో తిప్పి చెప్పాలి. ఒక అవ్వ అడిగింది: "ఇంత ఎత్తుకు ఎక్కించారు కదా, మన మాట ఎందుకు రాలేదు?" జవాబు మాకు తెలుసు. అక్కడి నుంచి ఎవరూ పంపలేదు. పంపని మాటను ఏ బూస్టరూ తెచ్చిపెట్టదు.

ఉపాధ్యాయ మిత్రులతో ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేం చదివిన రోజుల్లో మాలో చాలామంది పేర్ల పక్కన 'వీక్' అని రాసేవారు. బొమ్మ రాని టీవీని కూడా ఆ మాటే అంటారు. మొదటి తరగతిలో పంతులుగారు చెప్పే తెలుగు మాకు చుక్కలు, హోరులాగే ఉండేది. అర్థం కాలేదని ఆయన ఇంకా గట్టిగా చెప్పేవారు. అది టీవీ పక్కన పెట్టిన బూస్టరు. పిల్లవాడు పాడైపోలేదు. ఇంటి భాషకు, బడి భాషకు మధ్య కొండ ఉంది. ఆ కొండ ఎక్కి చూడాలి.

ఎక్కినవాళ్లు ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరవాళ్ల దగ్గరే కూర్చుని సవర నేర్చుకున్నారు. పిల్లలకు వాచకాలు రాశారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. 1936లో మంగయి గమాంగో సవరకు సొంత లిపి తయారుచేశారు. 2004 నుంచి మన రాష్ట్రంలో సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి వంటి ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల పాఠాలు మొదలయ్యాయి. ఆ పుస్తకాలు పిల్లల చేతికి అందాలి, అవి చెప్పగల మనిషి బడిలో ఉండాలి. పుస్తకం బీరువాలో ఉంటే అది మెట్ట దాకా వచ్చి ఆగిపోయిన సిగ్నల్.

ఇప్పుడు ఆ పాత ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ ఆపేశారు. 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ ఇంటింటికీ వచ్చింది. ఆకాశంలో ఎత్తు నుంచి దిగే సిగ్నల్‌కు మా కొండలు పెద్దగా అడ్డం రావు. బొమ్మ అద్దంలా ఉంటుంది. అవ్వ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన తరం గొట్టాలు తిప్పింది, వచ్చినదాన్ని పట్టుకోవడం నేర్చుకుంది. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. అవి పట్టుకోవడమే కాదు, పంపగలవు కూడా. అవ్వ చెప్పే కథ, తాత చెప్పే విత్తనాల సంగతి మన మాటలోనే రికార్డు చేయండి. పంతులుగారికి వినిపించండి, బడిలో వినిపించమని అడగండి. ముందు ఎవరో ఒకరు పంపాలి. ఎంత బలహీనంగా వచ్చినా ఫరవాలేదు, పెంచే పని మనకు తెలుసు.