ఆపి అడిగే బొత్తాం

డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉన్నన్నాళ్ళూ నేను చేసింది ఒక్కటే: నడుస్తున్న పనిని ఆపి, "ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడగటం. బీకాం చదివినవాణ్ణి. ప్రోగ్రామింగ్ రిటైరయ్యాక నేర్చుకున్నాను. స్మాల్‌టాక్ నాకు నచ్చింది, అలా ఆపి అడిగే వీలు అందులో మొదటినుంచీ ఉంది కాబట్టి.

ఈ భాష 1970లలో జిరాక్స్ పార్క్‌లో అలాన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరుల చేతుల్లో తయారైంది. 1996లో వచ్చిన స్క్వీక్ ఆ కుటుంబంలోదే. స్క్వీక్‌లో ప్రోగ్రాము ఎంతకీ తెమలకపోతే ఆల్ట్, చుక్క మీటలు కలిపి నొక్కుతాం. ఇదే యూజర్ ఇంటరప్ట్. పని చావదు, నిలబడుతుంది. ఏ పని ఏ పనిని పిలిచిందో వరసగా చూపే కిటికీ తెరుచుకుంటుంది. ప్రొసీడ్ అంటే ఆగినచోటి నుంచే సాగుతుంది. అబాండన్ అంటే వదిలేస్తుంది. డీబగ్ అంటే లోపలికి తీసుకెళ్తుంది.

తోటి పింఛనుదారుల బకాయిలు సరిచూడటానికి చిన్న ప్రోగ్రాము రాశాను. ఆ ఇంగ్లీషు కిటికీ చూసి వాళ్ళు బెదిరారు. అందుకని సొంత డైలాగ్ పెట్టాను. లెక్కను వేరే ప్రాసెస్‌గా, తక్కువ ప్రాధాన్యంతో నడిపిస్తే తెర బిగుసుకుపోదు, "ఆపు" బొత్తాం పనిచేస్తుంది. అయితే నొక్కిన క్షణంలోనే ఆపకూడదు. ఒకరి లెక్క సగంలో ఉండొచ్చు. బొత్తాం ఒక గుర్తు మాత్రమే పెడుతుంది. ఒక్కొక్కరి లెక్క ముగిశాక ప్రోగ్రాము ఆ గుర్తు చూసుకుంటుంది, లెడ్జరులో పేజీ కూడిక అయ్యాకే కలం దించినట్టు. ఫైలు మూసే పనిని ఎన్ష్యూర్ బ్లాకులో పెడితే, మధ్యలో వదిలేసినా అది జరుగుతుంది.

అప్పుడు తెలుగులో డైలాగ్ వస్తుంది: "312 మందిలో 140 మంది లెక్క అయింది. ఇది పూర్తి మొత్తం కాదు." కింద మూడు బొత్తాలు: కొనసాగించు, వదిలెయ్, లోపల చూపించు.

"మూడోది ఎందుకు సార్? మనవాళ్ళకు అర్థం కాదు, తీసేయండి" అన్నారొక మిత్రులు. నేను తియ్యలేదు. అందరికీ అర్థం కాకపోవచ్చు. అర్థమైనవాడు ఒక్కడు చూసినా చాలు, తప్పు బయటపడుతుంది. ఆ బొత్తాం తీసేస్తే ఇక మిగిలేది "కంప్యూటరు చెప్పింది" అనే మాట. "పెద్దలు చెప్పారు" అనేదానికి ఇది కొత్త చొక్కా, అంతే. తప్పు అంకెను నమ్మి బ్యాంకు చుట్టూ తిరగాల్సింది కుటుంబ పింఛను మీద బతికే ఆవిడ, ప్రోగ్రాము రాసిన నేను కాదు.

వ్రతం మధ్యలో లేస్తే అరిష్టమని భయపెట్టి కూర్చోబెట్టడం మనం ఎరిగిందే. సరైన లెక్కకు ఆ భయం అక్కర్లేదు. ఆపితే ఆగుతుంది, అడిగితే చూపిస్తుంది, మళ్ళీ అక్కణ్ణుంచే సాగుతుంది. మీరు వాడే ప్రోగ్రాములో ఆ మూడో బొత్తాం ఉందేమో చూడండి. లేకపోతే పెట్టమని అడగండి.