మెసేజ్‌తో పాటు ఇంకేం వెళ్తోంది?



ఎంటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ మీదే ఎందుకు పడ్డావన్నా అని తమ్ముళ్ళు అడుగుతుంటారు. కారణం ఒక నెట్ సెంటర్. బీటెక్ మొదటి ఏడు స్కాలర్‌షిప్ ఫారం నింపించుకుంటే, ప్రింటులో నా పేరు కింద ఎవరో కుర్రాడి బ్యాంకు ఖాతా నెంబరు వచ్చింది. ముందొచ్చినవాళ్ళ ఫారం మీదే నాది కొట్టారు, ఆ ఒక్క గడి చెరపలేదు. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. అయినా ఒకరి వివరం ఇంకొకరి చేతికొచ్చింది.

మైక్రోకెర్నెల్ గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది. అందులో కెర్నెల్ చాలా చిన్నది. ఫైళ్ళు, నెట్‌వర్క్, డ్రైవర్లు బయట వేర్వేరు ప్రాసెస్‌లుగా ఉంటాయి. ఒకదాని మెమరీలోకి ఇంకొకటి తొంగిచూడలేదు. ఏం కావాలన్నా మెసేజ్ పంపుకోవాలి. గోడలు గట్టివే, కానీ ఆ మెసేజ్‌తోనే సమాచారం కారిపోవచ్చు.

సీ భాషలో ఒక క్యారెక్టర్, దాని వెనక ఒక ఇంటిజర్ పెట్టి స్ట్రక్చర్ రాస్తే, మామూలుగా కంపైలర్ మధ్యలో 3 బైట్లు ఖాళీ వదులుతుంది. మనం వాటిని నింపం. స్ట్రక్చర్ మొత్తాన్ని మెసేజ్‌లోకి కాపీ చేస్తే ఆ 3 బైట్లలో ఉన్న పాత డేటా కూడా అవతలికి పోతుంది. అది ఇంకో క్లయింటు పాస్‌వర్డ్ ముక్క కావచ్చు. అందుకే బఫర్‌ని ముందు సున్నాలతో తుడవాలి, నింపినంత వరకే పంపాలి.

రెండోదారి ఇంకా గడుసుది. సర్వర్ జవాబు ఆలస్యమైతే అది వేరేవాళ్ళ పనిలో ఉందని తెలిసిపోతుంది. రెండు ప్రాసెస్‌లు కుమ్మక్కైతే ఆలస్యాన్ని 1, వెంటనే వచ్చే జవాబును 0 అనుకుని, ఒకదానికొకటి మెసేజ్ పంపకుండానే గుట్టు చేరవేసుకోవచ్చు. ఇలాంటి దొంగదారుల గురించి బట్లర్ లాంప్సన్ 1973లోనే రాశాడు. ఆస్ట్రేలియాలో తయారైన ఎస్ఈఎల్4 కెర్నెల్ కోడ్ సరైనదేనని 2009లో గణితంతో నిరూపించారు. సమాచారం కారదని 2013లో ఇంకో నిరూపణ వచ్చింది. అందులోనూ ఈ టైమింగ్ దారి లెక్కలోకి రాలేదు.

మన కుల ధృవీకరణ పత్రం, ఆధార్, ఖాతా నెంబరు రోజూ ఏదో ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి పోతూనే ఉంటాయి. తాళం ఉందా అని అడిగితే చాలదు, పంపేదానితో ఇంకేం వెళ్తోందో కూడా చూడాలి. ఆ చూసేవాళ్ళలో మనవాళ్ళూ ఉండాలి. సీ వచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇవాళే ఒక స్ట్రక్చర్ రాసి దాని సైజు ప్రింట్ చేసి చూడండి. మీరు వేసిన లెక్క కన్నా ఎక్కువ వస్తే, ఆ ఎక్కువలో ఏముందో వెతకండి.

జై ఆదివాసీ.