నిద్రకి గడియ కావాలి

మెడికల్ విద్యార్థుల నిద్రని కొలవడానికి విరివిగా వాడే ప్రశ్నావళి 1989లో పిట్స్‌బర్గ్‌లో తయారైంది. ఎన్నింటికి పడుకుంటారు, ఎంతసేపటికి నిద్ర పడుతుంది, చలికో దగ్గుకో పీడకలకో మెలకువ వస్తుందా అని అడుగుతుంది. మొత్తం 21కి 5 దాటితే నిద్ర బాగాలేనట్టు. గదికి గడియ ఉందా అని మాత్రం అడగదు. ‘ఇతర కారణాలు’ అని ఓ ఖాళీ గీత వదులుతుంది. మా భయాలన్నీ ఆ గీత మీదే ఇమడాలి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు లేబర్ రూం డ్యూటీ అంటే ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ ఒక పగలు. డ్యూటీ రూంలో ఒకటే మంచం. దానిమీద మగపిల్లలు పడుకునేవాళ్ళు. మేం దుప్పట్లు పెట్టే గదిలో, తలుపుకి స్టూలు అడ్డంపెట్టి కునుకు తీసేవాళ్ళం. చెవులు మాత్రం మేలుకునే ఉండేవి. పొద్దున రౌండ్స్‌లో కళ్ళు మూతలు పడితే ‘పెళ్ళి చేసుకుని హాయిగా పడుకోక ఎందుకమ్మా మీకీ చదువు’ అనేవారు ప్రొఫెసర్ గారు. అందరూ నవ్వేవారు.

రెసిడెంట్లకి మామూలుగా రోజుకి 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ ఉండకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నడుం వాల్చిన డాక్టరు అత్యాచారానికి, హత్యకి గురైంది. వీలైనంతవరకు స్త్రీలకి రాత్రి డ్యూటీలు వేయవద్దన్నది అప్పుడు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కనిపెట్టిన మందు. సెప్టెంబర్లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది.

కాన్పులు తెల్లారేదాకా ఆగవు. రాత్రిని మానుకుంటే సగం వైద్యం నేర్చుకోకుండా మానుకున్నట్టే. మాకో మంచం, లోపల్నించి పడే గడియ, గంటలకో లెక్క ఉంటే రాత్రులు మేం చూసుకోగలం.