తెరచాప చుట్టేదా, దించేదా?

ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవు చూశారా? పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్ళు కృష్ణమ్మలో కలిసే పవిత్ర సంగమం ఇదే. సాయంత్రం ఘాట్ మెట్ల మీద కూర్చుంటే గాలికి ప్రాణం లేచొస్తుంది.

మొన్న మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు అక్కడే కూర్చున్నాం. ‘‘చిన్న తెరచాప పడవ కొంటున్నానమ్మా. తాడు లాగితే తెరచాప స్తంభంలోకి చుట్టుకుపోతుంది’’ అన్నాడు. అచ్చం మనం చాప చుట్టినట్టేనన్నమాట! గాలి హెచ్చితే సగమే ఉంచుకోవచ్చట.

‘‘మరి సగంలో ఇరుక్కుంటే?’’ అన్నాను. అప్పుడు చుట్టుకోదు, దిగదు! పైగా దాని బరువు పైనే ఉండిపోతుంది కాబట్టి చిన్న పడవ మరింత ఒరుగుతుందట. మన డెల్టా కాలువల్లో ధాన్యం పడవల వాళ్ళకి ఆ బాధ లేదు. తాడు వదిలితే తెరచాప కిందికి దిగేది.

సుఖం కావాల్సిందే. కానీ మొరాయించినప్పుడు ప్రాణం మీదకు తేకూడదు కదా! 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం, హారతి చూడాలని బయల్దేరిన మోటారు పడవ ఇక్కడే బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ మాట చెబితే వాడు మౌనంగా నీళ్ళకేసి చూశాడు. చివరికి దించే తెరచాపకే ఒప్పుకున్నాడు.

మీరూ వెళ్ళిరండి. పడవ ఏదైనా సరే, లైఫ్ జాకెట్ తొడిగాకే పిల్లల్ని ఎక్కించండేం!